నలభై మందికి వండలేని మనిషి

మా అత్తగారి వంట తినబోయే ముందు మా ఆవిడ నన్ను మెట్ల దగ్గర ఆపింది. అప్పటికి ఇంకా మా ఆవిడ కాలేదు, కాబోతోంది. నన్ను వాళ్ల అమ్మానాన్నలకు చూపించడానికి తీసుకెళ్తోంది.

"ఇవాళ అమ్మే వండుతానని పట్టుబట్టింది. ఏం పెట్టినా మొహం అదోలా పెట్టకు. మంచినీళ్లు దగ్గర ఉంచుకో," అంది.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. లిఫ్టు గడపకి అంగుళం కిందో పైనో ఆగిందంటే నాకు ఒళ్లు మండుతుంది. మనుషులతోనూ అంతే, ఉన్నదున్నట్టు అనేస్తాను. నోరు మంచిది కాదని మా వాళ్లలో నాకు పెద్ద పేరు. కాబట్టి ఆ జాగ్రత్త చెప్పడంలో తన తప్పేమీ లేదు.

ఇల్లు చిన్నది. ముందుగదిలో మామగారి కుట్టుమిషను, దాని చుట్టూ గుడ్డముక్కలు. వెనకగదిలో నలుగురు కూర్చుంటే ఐదోవాళ్లు నిలబడాల్సిందే. అక్కడే కూర్చుని తిన్నాం. అన్నం సగం పలుకు, సగం ముద్ద. బంగాళదుంపల కూర నోట్లో పెట్టుకోగానే ఉప్పు నాలుక మీద కాదు, నేరుగా చెవుల్లోకి వెళ్లింది. మామగారు తలెత్తకుండా తింటున్నారు. కాబోయే ఆవిడ నా కాలు తొక్కి పట్టుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తున్నారు.

"ఎలా ఉంది బాబూ?"

"బాగుంది అత్తయ్యా," అన్నాను. తిండి విషయంలో నేను అబద్ధం చెప్పడం అదే మొదలు.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి లోపలికి వెళ్లిపోయారు. ఆ చూపేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

తర్వాత తెలిసిన సంగతి విని గుడ్లు తేలేశాను. ఆ ఇంట్లో రోజూ వండేది మామగారట. పండగకో పబ్బానికో తప్ప, ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ తండ్రి చేతి వంటే తిని పెరిగింది. మరి అత్తగారు చేసే ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఊరి చివర పంకాల ఫ్యాక్టరీలో వంట. క్యాంటీన్‌కి ఆవిడే పెద్ద. పెళ్లి కాకముందునుంచీ అక్కడే, రోజూ ఆరు వందల మందికి మధ్యాహ్నం భోజనం. ఆ ఆరు వందల మందీ ఇంకా బతికే ఉన్నారా అని అడగబోయి, కాలి మీద ఇంకా కాలు ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను.

భోజనాలయ్యాక పెళ్లి మాటలు మొదలయ్యాయి. మా ఇద్దరి దగ్గరా ఉన్నదంతా కలిపితే ఒక మాదిరి హాలుకి అద్దె కట్టి, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి పంపడానికి సరిపోతుంది. తను మందుల షాపులో క్యాషియరు. రూపాయి విషయంలో మహా గట్టిది. "అప్పు మాట ఎత్తారంటే ఈ పెళ్లే వద్దు," అని ముందే తేల్చి చెప్పేసింది. బట్టలు మామగారు కుడతారు. ఫొటోలు నా స్నేహితుడు తీస్తాడు. పిలుపులన్నీ ఫోన్లోనే. పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, తర్వాత ఉంగరాలు మార్చుకోవడం, ఆ తర్వాత భోజనం. అంతే పెళ్లి.

ఎవర్ని పిలవాలన్న దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. కోసి కోసి రెండు వైపులా కలిపి నలభై మందికి తెచ్చాం. మా వంకల బాబాయిని మాత్రం కొయ్యలేకపోయాం. ఆయన మా నాన్నకి తమ్ముడు. నాన్న పోయాక మా ఇంటికి ఆయనే పెద్దదిక్కు. పిలవకపోతే పిలవలేదని అందరికీ చెప్తాడు. పిలిస్తే, వెళ్లొచ్చి భోజనం బాగోలేదని అందరికీ చెప్తాడు.

ఇక మిగిలింది ఆ భోజనం సంగతే. బయటివాళ్లకు చెప్తే వాళ్లడిగేది మనవల్ల కాదు. ఏం చేద్దామా అని ముగ్గురం మొహాలు చూసుకుంటుంటే గుమ్మంలోంచి మాట వినబడింది.

"నా కూతురి పెళ్లికి వంట నేనే చేస్తాను."

మామగారి చేతిలో కత్తెర ఆగిపోయింది. ఎవ్వరం నోరెత్తలేదు. నోరు మంచిది కాదని పేరున్న నేను కూడా.

మా క్యాషియరమ్మకి ఒక ఉపాయం తట్టింది. ఆరు వందల మందికి అమ్మ చేసే వంట బాగుంటుందని ఫ్యాక్టరీలో అందరూ అంటారు. అది నిజమే అయితే, ఆరు వందల మందికి పడే సరుకుల్ని పదిహేనుతో భాగిస్తే నలభై మందికి సరిపోవాలి. ఇందులో తేడా రావడానికేముంది? అలా అని ఒక సెలవు రోజున లెక్కకట్టి, తూకం వేసి, ఉప్పూ కారం చిన్నచిన్న గిన్నెల్లోకి తీసి వరసగా పెట్టింది. రుచి చూడ్డానికి ఇరుగుపొరుగుని పిలిచింది. నేనూ వెళ్లాను.

అత్తగారు పొయ్యి ముందు నిలబడ్డారు. కూతురు అందించినవి అందించినట్టు వేశారు. తీరా అన్నీ వేశాక పొయ్యి మీదున్న ఆ చిన్న గిన్నెలోకి అలా చూస్తూ ఉండిపోయారు. ఏదో వెతుకుతున్నట్టుంది ఆ చూపు. అంతలో చెయ్యి దానంతటదే పోయి ఉప్పు డబ్బాలో పడింది. కూతురు పట్టుకునేలోపే పిడికెడు ఉప్పు కూరలో ఉంది.

పక్కింటావిడ ఒక ముద్ద తిని, గ్లాసుడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగింది. "కూర బాగా... గట్టిగా పలుకుతోంది వదినా," అంది. మిగతావాళ్లకు ఒక్కసారిగా ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం వీధి మలుపుదాకా వచ్చి తను నాతో అంది. "నువ్వే చెప్పాలి. నేను చెప్తే ఏడుస్తుంది. కాబోయే అల్లుడు చెప్తే ఏడవడానికి మొహమాటపడుతుంది. టీ, బిస్కెట్లు ఇచ్చి పంపేద్దాం అందర్నీ."

చెడ్డపేరు నాకు కొత్త కాదు కాబట్టి ఒప్పుకున్నాను. ఇంట్లో చెప్తే మామగారి ముందు చిన్నబోతారని, పని చేసే చోటికే వెళ్లి చెప్పాలనుకున్నాను. ఏం మాట్లాడాలో దారి పొడుగునా బట్టీపట్టుకున్నాను కూడా.

గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరి కోసమని అడిగాడు. చెప్పాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పెద్దక్కకి కాబోయే అల్లుడా మీరు?"

అని గేటు మొత్తం తెరిచాడు. నేను నడిచి వచ్చాను, నాకు పక్కనున్న చిన్న తలుపు చాలు. అయినా లారీకి తెరిచినట్టు తెరిచాడు.

వంటశాల క్యాంటీన్ వెనకాల ఉంది. తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాక నేను బట్టీపట్టిన మాటలన్నీ ఆవిరైపోయాయి. నిజంగానే ఆవిరి. తెల్లగా, చూరుదాకా. అది కాస్త పలచబడ్డాక నాలుగు డేగిసాలు కనబడ్డాయి. ఒక్కోదాంట్లో మనిషి కూర్చుని స్నానం చెయ్యొచ్చు. వాటి వెనక ఇనప మెట్టు మీద మా అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో ఉన్నది గరిటె కాదు, తెడ్డు. పడవ నడిపేంత తెడ్డు.

ఇంట్లో గుమ్మం పక్కన ఒదిగి నిలబడే మనిషేనా అని మళ్లీ చూశాను. తెడ్డు కూర అడుగుదాకా దించి, నడుంతో సహా తిరిగి, లేపుతున్నారు. దుంపలు కొండచరియలా పైకొచ్చి నెమ్మదిగా విరిగి పడుతున్నాయి. ఒక్క ముక్క చితకడం లేదు. ఎవరితోనూ మాటల్లేవు. ఆవిడ ఎడమచెయ్యి కాస్త ఎత్తితే మూల పొయ్యి తగ్గుతుంది. గడ్డం ఊపితే అన్నం గంజి వార్చేస్తున్నారు. అక్కడున్న నలుగురు ఆడవాళ్లూ ఆవిడ వైపు చూడకుండానే ఆవిడ చెప్పింది చేస్తున్నారు.

తర్వాత ఉప్పు. తొట్టిలోంచి దోసిలితో తీసుకుని డేగిసా చుట్టూ నడుస్తూ చల్లారు. తూకం లేదు, రుచి చూడటం లేదు. వంగి, ఆవిరి ఒకసారి పీల్చి, ఉడుకు చప్పుడు విన్నారు. ఇంకో అరదోసిలి వేసి, తెడ్డుతో అంచు మీద రెండుసార్లు తట్టారు. అయిపోయిందని అర్థమట. కింద మంట ఆగిపోయింది.

నేను చదువైనప్పటినుంచీ యంత్రాల మధ్య బతికినవాణ్ణి. తాడు చప్పుడుని బట్టి లిఫ్టులో ఎంతమంది ఉన్నారో చెప్పగలనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఆ పూట ఎటు పోయిందో తెలీదు. కళ్లప్పగించి నిలబడ్డాను. ఎవరైనా పలకరిస్తే బాగుండుననీ అనిపించింది, ఎవరూ పలకరించకుండా ఉంటే బాగుండుననీ అనిపించింది.

సైరన్ మోగింది. వంటశాలకీ భోజనాల హాలుకీ మధ్య అడ్డంగా గోడ, ఆ గోడలో గిన్నెలు తోసేంత కిటికీలు. అటువైపు అడుగుల చప్పుడు, బల్లల చప్పుడు, కంచాల చప్పుడు, ఆరు వందల గొంతులు ఒకేసారి. అత్తగారు చేతులు తుడుచుకుని ఆ గోడకి చెవి ఆనించి నిలబడ్డారు. కాసేపటికి అటువైపు గోల తగ్గుతూ వచ్చింది. తగ్గి తగ్గి, కంచాల చప్పుడొక్కటే మిగిలింది. అప్పుడు గోడ దగ్గర్నుంచి కదిలారు.

"మాటలు ఆగాయంటే కుదిరినట్టు," అంది నా పక్కనున్న ఆవిడ. పొయ్యిలు చూసే ఆవిడ, అందరూ చిన్నక్క అంటారు. "ఇన్నేళ్లనుంచీ అంతే. అటు వెళ్లి చూడదు. వెంటనే రెండో షిఫ్టుకి ఎసరు పెట్టాలి కదా, తీరికెక్కడ?"

బయటివాళ్లకు అక్కడ పెట్టకూడదు. వంటవాళ్లు ఇంటికి గరిటెడు కూడా తీసుకెళ్లకూడదు, గేటు దగ్గర సంచులు చూస్తారు. చిన్నక్క తన వాటా కంచం నా చేతిలో పెట్టింది. నేను మొహమాటానికి ఒక ముద్ద పెట్టుకున్నాను. అంతే, కంచం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. ఆ కూర గురించి ఇంకా రాయాలని ఉంది కానీ నాకు మాటలు చాలవు. నేను అంతకుముందు బంగాళదుంప తిననేలేదనిపించింది.

అప్పుడు అత్తగారు నన్ను చూశారు. నా కంచం కూడా చూశారు.

"నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు బాబూ," అన్నారు. "ఇంట్లో నా వంట బాగోదని నాకు తెలీదనుకున్నావా? మొన్న బాగుందన్నావే, అప్పుడే అనుకున్నాను, పాపం మంచివాడని. ఆ చిన్న గిన్నె ముందు నిలబడితే ఈ చేతులు ఎవరివో అనిపిస్తాయి. దాని చప్పుడు నాకు వినబడదు. ఎంత వెయ్యాలో, ఎప్పుడు దించాలో ఏమీ తెలీదు. కొన్నాళ్లు ప్రయత్నించాను. మీ మామయ్య చూసి చూసి, నేను వండుతాలే అన్నాడు."

"మరి పెళ్లికి వండుతానని ఎందుకన్నారు?"

ఆవిడ పైటచెంగుతో మొహం తుడుచుకున్నారు, చెమటో మరొకటో.

"ఎక్కడివాళ్లో అందరూ తిన్నారు. మా అమ్మలు మాత్రం ఇక్కడి కూర ఒక్కసారి కూడా తినలేదు. ఇంక మీ ఇంటికి వెళ్లిపోతుంది. పోయేలోపు ఒక్క పూట, సరైన అన్నం నా చేత్తో పెడదామని. అంతే బాబూ. వద్దంటే మానేస్తాను."

నేను మాట మృదువుగా చెప్పడం నేర్చుకోలేదు. అనదలచుకున్నది అలాగే అనేశాను.

"మీరు నలభై మందికి వండొద్దు అత్తయ్యా."

ఆవిడ తల ఊపారు.

"ఆరు వందల నలభై మందికి వండండి. ఇక్కడే."

అక్కణ్ణుంచి నేరుగా ఫ్యాక్టరీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాను. ఆయన కొత్తగా పెళ్లిచూపులకొచ్చినవాడిలా గాజు గదిలో బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. నేను చెప్పేదంతా విన్నాడు. పెళ్లి భోజనం మీ పనిరోజునే పెట్టుకుంటాం, ఎందుకంటే సెలవు రోజున ఇక్కడ తినేవాళ్లుండరు. మీ వాళ్ల భోజనం ఒక్క నిమిషం ఆలస్యం కాదు. మా నలభై మందికీ తనిఖీకి వచ్చేవాళ్లకిచ్చే భోజనం టోకెన్లే ఇవ్వండి, డబ్బు కట్టేస్తాం. హాలు అద్దె తప్పింది కాబట్టి ఆ పూట అందరికీ తీపి మాది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లలో ఆవిడ నన్ను ఏమీ అడగలేదు," అన్నాడు. "ఇప్పుడు కూడా అడిగింది మీరే."

ఒప్పుకున్నాడని నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మా అమ్మ, "ఫ్యాక్టరీలో పెళ్లేంట్రా?" అంది. వంకల బాబాయి, "పని రోజున పెళ్లేంట్రా?" అన్నాడు. మా క్యాషియరమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మని వద్దనమని పంపితే ఆరు వందల మందిని తగిలించుకొచ్చానని. చివరికి ఖర్చు లెక్క చూసి ఆ ఒక్క దానికి మెత్తబడింది. కూర సంగతి నేను చెప్పినా నమ్మలేదు. "ఆకలి మీదుండుంటావు," అంది.

ఆ రోజు పొద్దున్న సంతకాలైపోయాక అందరం ఒక వ్యానులో ఫ్యాక్టరీకి చేరాం. తను మామగారు కుట్టిన ఆకుపచ్చ బట్టల్లో ఉంది. ఆయన ఒక్క కుట్టు కూడా బయటికి కనబడకుండా కుట్టారు. హాల్లో కిటికీల దగ్గర రెండు బల్లలు మా కోసం వదిలారు. ఉంగరాలు మార్చుకుందామంటే పెళ్లికూతురి తల్లి లేదు. చిన్నక్క వచ్చి, కూర దించేదాకా పెద్దక్క మెట్టు దిగదని చెప్పింది.

బాబాయి నోరు తెరవబోయాడు. మా అమ్మ ఆయన్ని మాట్లాడనివ్వలేదు. "తల్లి రాకపోతే మనమే వెళ్దాం. పదండి," అంది. మా అమ్మ మీద నాకు గౌరవం అంతకుముందూ ఉంది కానీ, ఆ పూట ఇంకాస్త పెరిగింది.

అలా నలభై మందీ వంటశాల గుమ్మంలో ఒకరి మీదొకరు పడుతూ నిలబడ్డారు. ఆవిరిలో, డేగిసాల పక్కన, నేను తన వేలికీ, తను నా వేలికీ ఉంగరాలు తొడిగాం. అత్తగారు మెట్టు మీదనుంచి చూశారు. తెడ్డు తిప్పుతూనే చూశారు. పెళ్లికూతురు మాత్రం నా వైపు చూడటం లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని వాళ్లమ్మనే చూస్తోంది. నేను మొదటిసారి చూసినప్పుడు నా మొహం ఎలా ఉండుంటుందో నాకప్పుడు తెలిసింది.

హాల్లోకి వచ్చి కూర్చున్నాం. సైరన్ మోగింది. ఎక్కడో యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి.

వాళ్లు వచ్చారు. నీలం చొక్కాలు, తడిపి దువ్విన తలలు, నూనె మరకలు పోయేదాకా రుద్దుకున్న చేతులు. ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. రోజూ ఉండే గోల లేదు. బల్లల దగ్గర తమ తమ చోట్ల నిలబడ్డారు కానీ ఎవరూ కూర్చోలేదు. హాలు ఈ చివరనుంచి ఆ చివరదాకా నిండిపోయింది. అంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

వంకల బాబాయి నా చెవిలో అన్నాడు. "వీళ్లంతా ఆడపెళ్లివారేంట్రా? మనల్ని వేళ్ల మీద లెక్కపెట్టి పిలవమని, వాళ్లు ఊరిని దింపారా?"

"అవును బాబాయ్," అన్నాను. "అందరూ వాళ్ల వాళ్లే."

వాళ్లెందుకు నిలబడ్డారో మా ఆవిడకి ముందు అర్థమైంది. లేచి వెళ్లింది. వంటశాలలోంచి తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఎసరు పెట్టాలే," అంటూ ఆవిడ గుంజుకుంటున్నారు. "చిన్నక్క పెడుతుంది, నువ్వు రా," అని ఈవిడ లాగుతోంది. గుమ్మం దాటి హాల్లోకి అడుగుపెట్టగానే అత్తగారు ఆగిపోయారు.

ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశారు. మళ్లీ ఆ చివరనుంచి ఈ చివరకి చూశారు. చేతిలో మసిగుడ్డ ఉందని కూడా గుర్తులేదు.

"ఇంతమందా?" అన్నారు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు బల్లలన్నిటి మీదుగా పాకింది. అత్తగారు నవ్వలేదు. ఇన్నేళ్లుగా గోడకవతల ఒక చప్పుడుగా ఉన్నవాళ్లు ఇప్పుడు మనుషులై నిలబడితే ఆవిడ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "రోజూ ఇంతమందే వస్తారా అమ్మలూ?" అని కూతుర్ని అడిగారు, అదేదో ఆ పిల్లకి తెలిసినట్టు. మామగారు లేచి తన కుర్చీ ఖాళీ చేసి ఆవిడని కూర్చోబెట్టారు. అప్పుడు అందరూ కూర్చున్నారు. ఆరు వందల బల్లపీటలు ఒకేసారి కదిలిన చప్పుడుకి కిటికీ అద్దాలు అదిరాయి.

వడ్డన మొదలైంది. నేను తినడం మానేసి మా ఆవిడ వైపు చూస్తున్నాను. తను అన్నంలో కూర కలిపి, అలవాటుగా నీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకుని, చిన్న ముద్ద నోట్లో పెట్టుకుంది.

నమలడం ఆపేసింది. కంచంలోకి చూసింది. ఇంకో ముద్ద పెట్టుకుంది, ఈసారి పెద్దది. అదీ మింగాక కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఏడుపని నేననుకున్నాను. కాదు, కోపం.

"అమ్మా," అంది. "ఇన్నేళ్లూ ఇది వీళ్లందరికీ పెట్టి, మాకు ఆ ఉప్పుకూర పెట్టావా?"

మా బల్ల మీద మాటలాగిపోయాయి. పక్క బల్లల మీద అప్పటికే ఆగిపోయి ఉన్నాయి. హాలంతటా కంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అత్తగారు ఒక్క క్షణం తలవంచి, గోడ దగ్గర నిలబడి విన్నట్టే ఆ చప్పుడు విన్నారు. తర్వాత కూతురి గడ్డం కింద అంటిన మెతుకు వేలితో తీశారు.

"మీరు ఇద్దరే కదే," అన్నారు. "ఇద్దరికి వండటం నాకు చేతకాలేదు."

వడ్డించేవాడు మళ్లీ కూర తెస్తే మా ఆవిడ కంచం ముందుకు జరిపింది.